పెంటియంకు బొంత

మా మరిది దయాకర్‌రావు నన్ను నలుగురిలో ఒక మాట అన్నాడు. నేను అతనికి ఒక బొంత కుట్టి ఇచ్చాను. చెల్లుకు చెల్లు. "ఎందుకట్ల చేసినవు ఇందిరా" అని ఇప్పటికీ ఎవరైనా అడిగితే, "బొంత కుట్టుడు గూడ తప్పేనా" అని తిరిగి అడుగుతాను.

ముందు మా ముందరి గది సంగతి చెప్పాలి. బెల్లంపల్లిలో బజారు నుంచి స్టేషనుకు పోయే తోవలో మా ఇల్లు. రోడ్డు వైపు గదిలో మా ఆయన లక్ష్మీకాంతరావు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. బొగ్గుబాయిల ఆఫీసుల్లో గుమాస్తా కొలువులు దొరికిన రోజుల్లో ఆ గదిలో కూర్చోవడానికి కుర్చీ దొరికేది కాదు. కొలువులు తగ్గాయి, టైపు నేర్చుకునేవాళ్లూ తగ్గారు. అప్పుడాయన హైదరాబాదులో మూసేస్తున్న ఒక ఆఫీసు నుంచి పాత కంప్యూటర్, దానితోపాటు ఒక ప్రింటర్ కొనుక్కొచ్చాడు. త్రీ ఎయిటీ సిక్స్ అంటారు దాన్ని. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. ఆట రాదు, పాట రాదు. తెలుగు మాత్రం ముత్యాల్లా కొడుతుంది. అది తెచ్చిన మరుసటేడే ఆయన గుండె ఆగి పోయాడు. పెద్దకర్మ అయిన తెల్లారి నేను ఆ కుర్చీలో కూర్చున్నాను.

ఆ కుర్చీ లేకపోతే నేనేమిటో నాకు బాగా తెలుసు. పిల్లలు లేరు. ఇల్లు మా అత్తగారు లీలాబాయి పేరు మీద ఉంది. దొరల ఇంటి కోడలినే గానీ, మొగుడు పోయిన కోడలు ఏ ఇంట్లోనైనా వంటగదిలో మూలకు ఉంటుంది. ఆ మూలకు పోకుండా నన్ను ఆపింది ఆ పాత కంప్యూటర్ డబ్బానే. దాని మీద నేను అర్జీలు కొట్టాను, పింఛను దరఖాస్తులు కొట్టాను, పెళ్లి కార్డుల మాటలు కొట్టాను. అన్నిటికంటే పెద్ద పని బజారు వెనక ఉన్న ప్రైవేటు బడిది. పరీక్షలు వస్తే చాలు, హెడ్మాస్టరు రాయమల్లు సారు ప్రశ్నపత్రాలన్నీ చంకలో పెట్టుకొని నా దగ్గరికి వచ్చేవాడు. ఆ ఒక్క పనితో నా ఏడాది గడిచేది.

తొంభై ఏడులో దయాకర్ హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక కొత్త మిషన్ తెచ్చాడు. చదునైన పెట్టె, దాని మీద టీవీ అంత తెర.

"ఏం పేరురా దీనిది?" అని అడిగింది మా అత్తగారు.

"పెంటియం అవ్వా" అన్నాడు తల్లితో.

"పెంటా? గంత పైస పోసి తెచ్చినవు, పేరుల పెంట లేనిది దొరకలేదారా?"

నేను పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. దయాకర్ అది చూశాడు. మొహం మాడ్చుకున్నాడు.

అతనికి ముందరి గది కావాలి. అక్కడ కంప్యూటర్ సెంటర్ పెడతాడట. మా అత్తగారికి చిన్నకొడుకంటే ప్రాణం, కానీ మనిషి మరీ అన్యాయస్తురాలు కాదు. గది మధ్యలో నిలబడి తీర్పు చెప్పింది.

"చెరో పక్క కూసోండ్రి. గా బడి పని ఎవల చేతిల నిలబడితే అర్ర వాళ్లది. రెండోవాళ్లు సప్పుడు చెయ్యకుంట లోపలికి రావాలె."

అర్ర అంటే ఈ ముందరి గది, లోపలికి అంటే వంటగదికి. ఆ మాట నాకోసమే అన్నదని వేరే చెప్పక్కర్లేదు.

మంచి రోజు చూసి దయాకర్ తన మిషన్‌కు కొబ్బరికాయ కొట్టాడు. బజారువాళ్లను, బడి సార్లను పిలిచాడు. స్విచ్ వేసి, అది లేవడానికి పట్టినంతసేపు దాని గొప్పలు చెప్పాడు. చాలాసేపే చెప్పాడు. అది లేచేలోగా నేను అవతలి పక్క ఒక పింఛను దరఖాస్తు కొట్టి, కాగితం చింపి, మనిషిని పంపించేశాను. ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ ఆ తెర మీదే. అందులో రంగురంగుల చేపలు ఈదుతున్నాయి. బుడగలు పైకి పోతున్నాయి. రాయమల్లు సారు నోరు తెరుచుకొని చూస్తున్నాడు. గోదావరి ఒడ్డున పుట్టినవాడు, చేపలు ఎన్నడూ చూడనట్టే చూస్తున్నాడు.

"సారు, మీ ప్రశ్నపత్రాలు గిండ్ల కొడితే ఎట్లుంటయో సూడుండ్రి" అన్నాడు దయాకర్. "ఇగ గా త్రీ ఎయిటీ సిక్స్ ఎందుకు? వదినె, నీ డబ్బాల బియ్యం పోసుకో."

అందరూ నవ్వారు. నేను చాయ్ గ్లాసుల పళ్లెం పట్టుకొని నిలబడి ఉన్నాను. అక్కడితో ఆపినా మరిచిపోయేదాన్ని. అతను ఆపలేదు.

"మా అన్న ఎప్పటికీ గంతే. ఏది తెచ్చినా కాలం చెల్లిన సామానే తెచ్చిండు."

అలా అని నా వైపు చూసి నవ్వాడు. డబ్బా వైపు కాదు, నా వైపు. పెళ్లినాటికి నా వయసు ఎక్కువేనని అప్పట్లో ఇంట్లో గుసగుసలాడిన మాట అక్కడున్న చాలామందికి తెలుసు. ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది. రాయమల్లు సారు కూడా నవ్వాడు. నేను కొట్టిన ప్రశ్నలతో ఇన్నేళ్లు బడి నడిపినవాడు.

నా ఒళ్లంతా మండింది. చనిపోయిన మనిషిని ఒక మాట, బతికున్న నన్ను ఒక మాట, రెండూ ఒక్క దెబ్బతో అన్నాడు. పళ్లెం విసిరికొట్టాలనిపించింది. విసరలేదు. అందరికీ చాయ్ ఇచ్చాను, అతనికి చక్కెర ఎక్కువ కావాలంటే అది కూడా వేసి ఇచ్చాను.

గ్లాసు అందుకుంటూ అతనే దారి చూపించాడు. "నీకు కుట్టుమిషనే సరి వదినె. నా పెంటియంకు మంచి కవరొకటి కుట్టు. మనూర్ల బొగ్గు దుమ్ము ఎరికె గద. జర్రంత సందు గూడ ఉండొద్దు."

"గట్లనే కుడత మరిదీ" అన్నాను.

మా ఊళ్లో బొగ్గు దుమ్ము అందరికీ తెలిసిందే. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిద రంగుకు తిరుగుతుంది. అందుకే ఇక్కడ ప్రతి వస్తువుకూ ఒక గుడ్డ గలేబు తొడుగుతారు. రేడియోకు, టీవీకి, కుట్టుమిషన్‌కు, ఆఖరికి గోడగడియారానికి కూడా. కానీ మా ఆయన తన డబ్బాకు పని చేస్తున్నప్పుడు ఎన్నడూ గుడ్డ కప్పనివ్వలేదు. రోజూ దాని వెనక అరచెయ్యి పెట్టి చూసేవాడు. "దీనికి గూడ ఊపిరాడాలె ఇందిరా" అనేవాడు. పని అయ్యాక, అది చల్లబడ్డాక మాత్రమే పాత ధోవతి ముక్క కప్పేవాడు. కాలం చెల్లిన సామాను కొన్న మనిషికి ఆ సంగతి తెలుసు. కోర్సు చేసివచ్చినవాడికి తెలియకపోతే అది నా తప్పు కాదు.

బజారుకు పోయి మంచి ముదురెరుపు మఖ్‌మల్ తెచ్చాను. మఖ్‌మల్ ఒక్కటే అయితే కవరు అవుతుంది. నేను కుట్టాలనుకున్నది కవరు కాదు. అక్కడి నుంచి దూది ఏకే జమాలున్నీసా ఇంటికి పోయాను. మా సందులో బొంతలన్నీ ఆమె దూదితోనే.

"ఎవలకమ్మా బొంత? పసిపిల్లకా?" అంది, నేను చేతులతో కొలత చూపిస్తే.

"మా మరిది పిల్లకు."

"ఆయనకు పెండ్లే కాలే గదమ్మా."

"పెండ్లికి ముందే తెచ్చుకున్నడు" అన్నాను.

జమాలున్నీసా నవ్వి, మెత్తటి దూది తూచి ఇచ్చింది. ఇస్తూ ఒక మాట చెప్పింది. "జర గాలాడేటట్టు కుట్టమ్మా. ఎండకాలమొస్తున్నది. పిల్లకు ఒళ్లంత పేలుతది."

"ఫికర్ చెయ్యకు" అన్నాను.

రవిక కొలత తీసినట్టు ఆ పెంటియం కొలత తీశాను. బయట మఖ్‌మల్, లోపల మందపాటి అస్తరు, మధ్యలో దూది. చేతిసూదితో అడ్డగీతలు, నిలువుగీతలు వేసి అణిచి కుట్టాను. తెర ముందు కిటికీలా కత్తిరించి జరీ అంచు వేశాను. ఫ్లాపీ పెట్టేచోట గుండీ పట్టీ పెట్టాను. వెనకాల తీగలు రావడానికి సన్నటి చీలిక ఒక్కటే వదిలాను, అక్కడ కూడా నాడా కట్టాను. ఇక మొత్తం తీసేయాలని ఎవరికీ బుద్ధి పుట్టకుండా నడినెత్తిన సరస్వతీదేవిని కుట్టాను. వీణ, హంస, పద్మం. నా చేతిపని గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, అమ్మవారి ముక్కుపుల్ల మీద మెరుపు కూడా వచ్చింది.

దయాకర్ మురిసిపోయాడు. మా అత్తగారు అమ్మవారికి కుంకుమ పెట్టి దండం పెట్టింది. రోజూ పొద్దున అగరబత్తి వెలిగించి, ఆ మఖ్‌మల్ నెత్తి మీద రెండు పూలు కూడా పెట్టడం మొదలుపెట్టింది.

"చూసినవా వదినె, ఎవల పని వాళ్లు చేస్తెనే అందం" అన్నాడు దయాకర్.

"నిజమే" అన్నాను.

మొదట్లో ఏమీ కాలేదు. చలి ఇంకా పూర్తిగా పోలేదు, పైగా అతను దాంతో చేసే పని కూడా పెద్దగా లేదు. పాటలు పెట్టేవాడు, చేపలు చూపించేవాడు. ఎవరైనా అర్జీ కొట్టమంటే రెండు వేళ్లతో వెతుక్కుంటూ కొట్టేవాడు. నేను అవతలి పక్క నుంచి చూస్తూ ఉండేదాన్ని. అంత బలమైన మిషన్ అతను "అ" ఎక్కడుందో వెతికేదాకా ఎదురుచూడాల్సిందే కదా. నా డబ్బా కూడా నాకోసం ఎదురుచూస్తుంది. పదివేళ్లతో ఎంత వేగంగా కొట్టినా, తరవాతి అక్షరం కోసం ఆ పచ్చటి గీత ఆరి వెలుగుతూ కాచుకొని ఉంటుంది. ముసలామె పింఛను కోసం "అయ్యా" అని రాయడానికి ఎంత బలం కావాలి? ఏనుగును తెచ్చి ఎర్రమట్టి తట్ట మోయిస్తే తట్టకు గొప్ప రాదు. కానీ ఊరు ఏనుగును చూడటానికే వస్తుంది. రాయమల్లు సారు కూడా అలాగే వచ్చి, ఆ ఏటి పెద్ద పరీక్షల ప్రశ్నపత్రాలు నా ముందు నుంచే తీసుకుపోయి అతని బల్ల మీద పెట్టాడు. నా వైపు చూడను కూడా చూడలేదు.

"పరీక్షలు కాంగనే అర్ర ఖాళీ చెయ్యి పిల్లా" అంది అత్తగారు ఆ సాయంత్రం. మాట మెత్తగానే అంది. నాకు మాత్రం అన్నం దిగలేదు.

అప్పటికి ఏప్రిల్ వచ్చింది. బెల్లంపల్లి ఏప్రిల్ అంటే పొద్దున చాయ్ తాగేసరికే గోడలు కాలుతుంటాయి. మధ్యాహ్నం గాడ్పుతోపాటు దుమ్ము లేస్తుంది. దయాకర్ తలుపులు మూసి, బొంత నాడాలు ఇంకా గట్టిగా బిగించి, పొద్దుటి నుంచి ప్రశ్నపత్రాలు కొట్టడం మొదలుపెట్టాడు. జీవితంలో మొదటిసారి ఆ మిషన్‌తో పొద్దంతా పని చేయించాడు.

మధ్యాహ్నం అన్నాలవేళ తెర బిగుసుకుపోయింది. అతను ఆపి మళ్లీ వేశాడు. కాసేపు నడిచింది. మళ్లీ బిగుసుకుంది. మరునాడూ అంతే. పొద్దున బాగా లేస్తుంది, ఎండ ఎక్కేసరికి పడుకుంటుంది. దయాకర్ ఎస్టీడీ బూతుకు పోయి హైదరాబాదు మిత్రుడితో మాట్లాడి వచ్చాడు.

"ఏమైందిరా?" అంది తల్లి.

"వైరస్ వచ్చిందవ్వా."

మా అత్తగారు మఖ్‌మల్ మీద చెయ్యి పెట్టి చూసింది. గబుక్కున వెనక్కి తీసుకుంది. "అయ్యో, ఒళ్లు కాలిపోతుంది గదరా. జరమొచ్చినట్టున్నది."

నేను ప్రింటర్‌లో కాగితం సర్దుకుంటున్నాను. ఇప్పుడు వీళ్లలో ఎవరో ఒకరు ఆ బొంత తీస్తారు, నా పని అయిపోతుంది అనుకున్నాను. కానీ జ్వరం వచ్చినవాళ్లకు మా ఇంట్లో కప్పుతారు గానీ తియ్యరు. అందులోనూ వైరస్ అంటే ఏమిటో బడి సారు ఒకాయన ఆమెకు చెప్పాడు, అంటురోగమని. అమ్మవారు పోసిందనుకుంది. వేపమండలు తెచ్చి బొంత చుట్టూ కప్పింది. వెనకాల నేను వదిలిన ఆ కాస్త చీలికలో కూడా రెండు రెమ్మలు దోపింది. ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది.

"అవ్వా, గా వైరస్ గిది కాదే" అని దయాకర్ తల పట్టుకున్నాడు.

"నీకేమెరుక, ఊకో" అంది. పైనున్నది సరస్వతి, పక్కన వేపాకు, ఎదురుగా కన్నతల్లి. అతను నోరు మూసుకున్నాడు. నాకు ఆ రోజు అత్తగారి మీద పుట్టుకొచ్చినంత ప్రేమ అంతకుముందు ఎన్నడూ పుట్టలేదు.

దయాకర్ తెర ముందు చెమటలు కక్కుతూ నన్ను అడిగాడు. "వదినె, నీ దానికి ఎప్పుడన్న గిట్లయిందా?"

"నా దానికి గంత తెలివి లేదు. గందుకే జరం గూడ రాదు."

"వేడికేమన్న అయితుందా అంటె, గింత పవరున్నదానికి ఎండ ఒక లెక్కా" అని తనలో తను అనుకున్నాడు. నిజం అతని నోటిదాకా వచ్చింది. గర్వం అడ్డం పడి మళ్లీ లోపలికి పోయింది.

శనివారం రాయమల్లు సారు వచ్చాడు. సోమవారం నుంచి పరీక్షలు. దయాకర్ అన్ని తరగతుల పేపర్లూ ఒక్క ఫైలులోనే కొట్టాడు. సారు చూస్తుండగా దాన్ని సేవ్ చేయబోతే మిషన్ మధ్యలో బిగుసుకుంది. ఆపి వేస్తే ఫైలు తెరుచుకోలేదు. చేపలు మాత్రం ఒకసారి వచ్చి, అవి కూడా ఈత మధ్యలోనే ఆగిపోయాయి.

"ఎట్లనయ్యా మరి?" అన్నాడు సారు. "ఎల్లుండి పిలగాండ్ల ముందర ఏం పెట్టాలె?"

దయాకర్ మళ్లీ స్విచ్ నొక్కాడు. సారు మెల్లగా తిరిగి గదిలో నా పక్కకు వచ్చాడు. నేను తల ఎత్తలేదు. ఒక అర్జీ కొడుతున్నాను, దాన్ని నిదానంగా పూర్తి చేశాను. నా ప్రింటర్ చప్పుడు అంత తియ్యగా ఎన్నడూ వినపడలేదు.

"ఇందిరమ్మా, జర మా పని చూడాలె."

"నా డబ్బాల బియ్యం పోసుకుంటున్న సారు. జాగలేదు."

ఆయన మొహం నల్లబడింది. "గా రోజు నవ్వింది తప్పే తల్లీ."

"తప్పు సంగతి నేనడుగలే. బడి పని ఎవలదో అత్తమ్మకు చెప్పుండ్రి. మొత్తం గది ఇనేటట్టు చెప్పుండ్రి."

మా అత్తగారు తలుపు దగ్గరే నిలబడి ఉంది. రాయమల్లు సారు ఆమె వైపు తిరిగి, ఇకనుంచి బడి పని ఇందిరమ్మదేనని బడిలో ప్రార్థన చెప్పినంత గట్టిగా చెప్పాడు. ఆమె చిన్నకొడుకు వైపు చూసి, నిట్టూర్చి, తల ఊపింది. నేను అప్పుడు చెయ్యి చాపి కాగితాలు అందుకున్నాను.

ఆదివారం సాయంత్రానికి పేపర్లన్నీ కట్టలు కట్టి ఇచ్చాను. అందులో గొప్పేమీ లేదు. గత ఏటి ప్రశ్నలు నా ఫ్లాపీల్లోనే ఉన్నాయి, ఆ బడి సార్లు ఏటా వాటినే అటూ ఇటూ తిప్పుతారు. డబ్బా ఒక్కసారి కూడా అలగలేదు. మధ్యమధ్యలో దాని వెనక అరచెయ్యి పెట్టి చూశాను. మా ఆయన చెయ్యి అక్కడే ఉన్నట్టు అనిపించి, కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్షరాలు మసకబారితే తుడుచుకొని మళ్లీ కొట్టాను.

ఆ రోజు కూడా పొద్దంతా దాంతో కుస్తీ పట్టి, చివరికి దయాకర్ మిషన్‌ను మంచిర్యాల తీసుకుపోవడానికి సర్దుకున్నాడు. అక్కడ బాగుచేసేవాళ్లున్నారట. వేపమండలు తీశాడు. నాడాలు విప్పి బొంత ఎత్తాడు. ఎత్తినవాడు ఆగిపోయాడు. అంచు వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. మళ్లీ నలిపాడు. లోపలి నుంచి వచ్చిన వేడి సెగ నా దాకా తగిలింది.

"వదినె, దీంట్ల దూది పెట్టినవా?"

"జర్రంత సందు గూడ ఉండొద్దంటివి గద."

"నీకు ఎరికె." అతను బొంతను నా బల్ల మీద పడేశాడు. "ఎరికుండే చేసినవు."

మా అత్తగారు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. బొంత వైపు చూసింది. తన చేతులతో దోపిన వేపరెమ్మల వైపు చూసింది.

నేను కుర్చీలోంచి లేచాను. ఇన్ని రోజులు నాలుక కింద దాచుకున్న మాట అప్పుడు బయటికి తీశాను.

"మీ అన్న తెచ్చిన డబ్బాల బియ్యం పోస్తె బియ్యంగనే ఉంటయి మరిదీ. నీ దాంట్ల పోస్తె అన్నమైతది."

అతను నా వైపు చూడలేకపోయాడు. మిషన్‌ను రిక్షాలో పెట్టుకొని స్టేషనుకు పోయాడు. దానికి పెద్దగా ఏమీ కాలేదని, చల్లబడి గాలి తగిలితే మళ్లీ చక్కగా నడిచిందని తరవాత విన్నాను. పాపం, దాని తప్పు మొదటినుంచీ ఏమీ లేదు. మంచిర్యాలలో సెంటర్ పెట్టాడు. అక్కడ దానిమీద గుడ్డపీలిక కూడా వెయ్యనివ్వడట, పూటపూటా తనే దుమ్ము తుడుచుకుంటాడట. చేపలు మళ్లీ ఈదుతున్నాయట.

ఆ రాత్రి అన్నం పెడుతూ మా అత్తగారు ముందరి గది తాళంచెవి నా కంచం పక్కన పెట్టింది.

"దూది శాన మంచిది తెచ్చినవు పిల్లా" అంది. అంతకు మించి ఆమె ఎన్నడూ ఏమీ అడగలేదు.

బొంత నా దగ్గరే ఉంది. చలికాలంలో ముందరి గదిలో పని చేసేటప్పుడు, అమ్మవారిని పక్కకు తిప్పుకొని మోకాళ్ల మీద కప్పుకుంటాను. చాలా వెచ్చగా ఉంటుంది.